పరుపులమ్మ కూతురి ఒప్పుకోలు

మందిరంలోని మోకాళ్ల దిండ్లు ఏడాదికోసారి పరుపులమ్మ కొట్టుకి వస్తాయి. ఏడాదంతా జనం మోకాళ్ల కింద నలిగి, దూది గడ్డకట్టి, అట్టముక్కల్లా తయారై వస్తాయి. కుట్లు విప్పాలి, పాత దూది బయటికి లాగాలి, ఏకాలి, కాస్త కొత్త దూది కలిపి నింపాలి, దబ్బనంతో మూతి కుట్టాలి. పని అయ్యేసరికి కనురెప్పల మీద కూడా దూదిపోగులు చేరి మనిషి మంచులోంచి లేచొచ్చినట్టుంటుంది. ఇందుకు ఆవిడ ఎవరినీ ఏమీ అడగదు. దేవుడి పని. కాకపోతే దేవుడి పని చేసేటప్పుడు కూడా పక్కన నిలబడి ఎవరూ సలహాలివ్వకూడదని ఆవిడ అభిప్రాయం.

ఆ మంగళవారం కళ్ళజోడు పిన్ని వచ్చింది సలహాలివ్వడానికే. పిన్ని మందిరం పెద్దాయన భార్య. కళ్ళజోడు గొలుసుకి కట్టి మెడలో వేలాడేసుకుంటుంది. చూడవలసినవాటికి ఆ కళ్ళజోడు కదలదు. చూడక్కర్లేనిది ఏదైనా కంటపడితే మాత్రం చటుక్కున ముక్కు మీదికెక్కుతుంది.

"ఇంకొంచెం గట్టిగా నింపరాదూ పరుపులమ్మా? పోయినేడు మరీ మెత్తగా ఉన్నాయి."

"మెత్తగా ఉండటానికే కదండీ దిండు. గట్టిగా కావాలంటే నేల ఉండనే ఉంది."

పిన్ని నవ్వలేదు. నింపిన దిండ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి, నిట్టూర్చి, కిటికీ వైపు నడిచింది. కళ్ళజోడు పైకెక్కింది.

కొట్టూ ఇల్లూ ఒకటే కావడంతో, కిటికీ గట్టు మీద పరుపులమ్మ కూతురు ఆరబెట్టిన బొమ్మలున్నాయి. ఆ పిల్ల పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళ అచ్చులు పోసే చోట పనిచేస్తుంది. మిగిలిపోయిన ప్లాస్టరు ఇంటికి తెచ్చి వేలెడంత బొమ్మలు పోసి రంగులేస్తుంది. కత్తి పట్టుకున్న ఆడమనిషి, గడ్డం ముసలాడు, కొమ్ములున్నదొకటి, రెక్కలూ కోరలూ ఉన్నదొకటి. ఆ కోరలు మహా నిజంగా ఉంటాయి. పళ్ళు చేయడం దాని వృత్తి మరి.

"ఇదేమిటి?" అంది పిన్ని, కొమ్ములున్నదాన్ని ముట్టుకోకుండా చూపిస్తూ.

"మా పిల్ల ఆట బొమ్మండీ."

"ఈ వయసులో ఆటేమిటి?"

పరుపులమ్మ నోట్లో దారం ఉంది. చేతిలో దబ్బనం ఉంది. మనసు సగం కుట్టు మీద ఉంది. ఆ సగం మనసుతోనే జవాబు చెప్పింది. "ఆదివారాలు స్నేహితులొస్తారండీ. బల్ల మీద పటం పరుచుకుని కథాడుకుంటారు. ఒకడు దొంగ, ఒకతె పూజారిణి, అలాగ. పాచికలేస్తారు. దయ్యమొస్తే దాంతో కొట్లాడతారు."

"దయ్యం వస్తుందా?"

"వస్తుందిట. దాన్ని తెచ్చేది మా పిల్లే. మిగతావాళ్ళకి తేవడం రాదు."

అన్న తరవాత తెలిసింది, ఏమందో. దారం నోట్లోంచి తీసి, "అంటే కథలో అండీ" అని కేక పెట్టినంత పని చేసింది. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. దిండ్లు తరవాత పంపమని కూడా చెప్పలేదు.

*

గురువారం పెద్దాయనే వచ్చాడు. ఆయనతో పోట్లాడటం కుదరదు, అదే ఆయనతో బాధ. గొంతు పెంచడు. ఎదుటివాళ్ళు గొంతు పెంచితే పాపం అన్నట్టు చూస్తాడు. కూర్చోమంటే దూది మూట మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు నెమ్మదిగా లోపలికి దిగిపోతూ, మోకాళ్లు గడ్డానికి తగిలేదాకా దిగిపోయి, ఆ భంగిమలోనే గంభీరంగా మాట్లాడాడు.

"నీ భక్తి మీద ఎవరికీ అనుమానం లేదమ్మా. కాని పేర్లు చెప్పే మనిషి ఇంట్లో ఇలాంటివి ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

పేర్లు చెప్పడం అంటే మందిరంలో చిన్న సంగతి కాదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రార్థన చివర ఒకరు లేచి, జబ్బుపడ్డవాళ్ళనీ కష్టంలో ఉన్నవాళ్ళనీ పేరుపేరునా తలుస్తారు. ఒక్కో పేరు తరవాత జనమంతా "కాపాడు" అంటారు. ఆ పని పరుపులమ్మది. వారమంతా మనుషులు కొట్టుకొచ్చి ఆవిడ చెవిన వేసి పోతారు. తాపీమేస్త్రీ నడుము, పాలావిడ మనవరాలి జ్వరం, ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఎవరి మొగుడో. ఆవిడ దూది ఏకుతూ వాటిని వరసగా మనసులో పేర్చుకుంటుంది. పరుపులు కుట్టేది బతకడానికి. తను ఎందుకు బతికున్నానని ఎప్పుడైనా అనిపిస్తే, ఆవిడకి దొరికే జవాబు శుక్రవారం.

"అది ఆటండీ. నా నోటి తొందర వల్ల..."

"ఆటే కావచ్చు. నేను కాదనను. కాని జనం మనసులో పడింది. దాన్ని తీసేయాలి. అమ్మాయిని ఒప్పుకోలుకి తీసుకురా. దయ్యాన్ని పిలిచాను, ఇక పిలవను, అని ముందు నిలబడి చెబితే అయిపోతుంది. అప్పటిదాకా పేర్లు మా కోడలు చెబుతుందిలే."

ఇదీ ఆయన న్యాయం. ఆట కాదననంటాడు, దయ్యాన్ని పిలిచిందనే తీర్పిస్తాడు. పరుపులమ్మకి ఒళ్ళు మండిపోయింది. కాని ఆయన్ని మూటలోంచి పైకి లాగడానికి చెయ్యివ్వాల్సొచ్చింది. చెయ్యిచ్చి లేపిన మనిషిని అదే నిమిషంలో తిట్టడం ఆవిడకి చేతకాలేదు.

సాయంత్రం కూతురు ప్లాస్టరు అంటిన చేతులతో ఇంటికొచ్చి సంగతి విని ముందు పకపకా నవ్వింది. తరవాత నవ్వాగిపోయింది.

"దయ్యాన్ని నేను తెస్తానని చెప్పావా? అదే మాట?"

"మరి నువ్వే కదే అంటావు, ఈ వారం దయ్యాన్ని తేవాలి, తేవాలి అని!"

"అమ్మా! కథ చెప్పేది నేను. వాళ్ళు ఎటు పోతే అటు ఏం ఎదురొస్తుందో చెప్పేది నేను. దయ్యమూ నేనే, దారిలో టీ అమ్మేవాడూ నేనే."

"టీ అమ్మేవాడి సంగతి చెప్పాల్సింది పిన్నికి."

"నువ్వు చెప్పాల్సింది!"

"నాకేం తెలుసే? ఎప్పుడైనా విడమరిచి చెప్పావా? అడిగితే 'నీకర్థం కాదులే అమ్మా' అనడం తప్ప?"

ఇద్దరూ చెరో వైపు తిరిగి అన్నం తిన్నారు. చేతులు కడుక్కుంటూ కూతురు అంది: "ఆదివారం వచ్చి కూర్చో. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

శుక్రవారం పెద్దాయన కోడలు లేచి పేర్లు గబగబా అప్పజెప్పింది, బస్సు పట్టుకోవాలన్నట్టు. ఆ పేర్లలో తాపీమేస్త్రీ వచ్చాడు గాని ఆయన నడుము రాలేదు. పాలావిడ మనవరాలు అసలే రాలేదు. ప్రార్థన అయ్యాక పాలావిడ పరుపులమ్మనే పట్టుకుంది. "నీకు చెప్పాను కదా, మర్చిపోయావా?" పరుపులమ్మకి తల బాదుకోవాలనిపించింది. మర్చిపోలేదు తల్లీ, నా నోరు కట్టేశారు, అని మందిరం పొడుగాటి వరండాలో ఎంతమందికని చెబుతుంది?

*

ఆదివారం మధ్యాహ్నం కొట్లోనే ఆట. కుట్టు బల్ల ఖాళీ చేసి పటం పరిచారు. కూతురి స్నేహితులు ఇద్దరే వచ్చారు, బస్సు కండక్టరూ, మందుల షాపులో పనిచేసే పిల్లా. ఇద్దరూ పరుపులమ్మకి కొత్తవాళ్ళు కాదు. కాని ఇవాళ ఆవిడ పాచికల మీది చుక్కలకన్నా గుండ్రంగా కళ్ళు చేసుకుని మూలన కూర్చునేసరికి ఇద్దరికీ మాట తడబడింది.

"అత్తా, ముందే చెబుతున్నా, ఇందులో నేను దొంగని" అన్నాడు కండక్టరు. "బస్సులో మాత్రం టికెట్టు కొట్టకుండా ఒక్కణ్ణీ వదల్ను."

"నువ్వు దొంగవో దొరవో తరవాత చూస్తాను. కానివ్వండి."

కానిచ్చారు. పరుపులమ్మ చేతులు ఊరుకోలేక దూది విడదీస్తూ కూర్చుంది. అంతసేపటిలో జరిగింది ఎక్కువగా వాదన. తలుపు తియ్యాలా వద్దా అని వాదన, తాడు ఎవరి దగ్గరుందని వాదన. దొంగ పాచిక వేసి గోడెక్కబోయి, తక్కువ పడి, పడిపోయాడు. కొమ్ముల దయ్యం వచ్చింది. వచ్చింది అంటే కూతురు కిటికీ మీంచి బొమ్మ తీసి పటం మీద పెట్టి గొంతు మార్చింది. పరుపులమ్మ ఒక్కసారి వెనక్కి జరిగింది. ఆ గొంతు దాని గొంతులా లేదు. తరవాత ఆ దయ్యానికి దగ్గొచ్చింది. దయ్యం మంచినీళ్ళు తాగింది.

ఇంత చూస్తూ కూడా ఆవిడ దూది విడదీస్తూనే ఉంది. దయ్యం పోయాక మందుల షాపు పిల్ల, దెబ్బతిన్న దొంగ పక్కన చేరి, కళ్ళు మూసుకుని, "దీపాల తల్లీ, వీణ్ణి బతికించు" అన్నప్పుడు మాత్రం దూది కింద పెట్టేసింది.

"ఆ తల్లెవరు?"

"ఎవరూ లేరత్తమ్మా. మేం కల్పించుకున్నాం."

"లేని తల్లికి దండమెందుకే? ఉన్న దేవుడికి పెట్టడానికి తీరిక లేదు గాని!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మందుల షాపు పిల్ల నెమ్మదైనది. కొనడానికొచ్చినవాళ్ళకి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పే గొంతుతో చెప్పింది. "నేను పెట్టలేదత్తమ్మా. ఆ పూజారిణి పెట్టింది. ఆవిడకి నమ్మకం. ఈ బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలుసు అది నేను కాదని. తెలియనివాళ్ళు ఒక్కరున్నా ఆట ఆడం."

"ఎందుకని?"

"అప్పుడు ఆట కాదుగా, మోసం అవుతుంది."

"తెలియనిదాన్ని నేనొకదాన్ని ఉన్నానుగా ఇక్కడ."

"అందుకే ఇప్పుడు చెబుతున్నా" అంది ఆ పిల్ల.

పరుపులమ్మకి ఆ జవాబు నచ్చలేదు. నచ్చలేదు గాని, ఎక్కడ తప్పుందో వేలు పెట్టి చూపించడానికీ దొరకలేదు. లేని తల్లి సంగతి ఆవిడకి ఆ తరవాత కూడా గొంతులో దూదిపోగులా అడ్డుపడుతూనే ఉంది. కాని ఒకటి మాత్రం తేలింది. ఎవరూ దేన్నీ పిలవలేదు. పిలిచినా, ఈ తాడు గొడవ విని ఏ దయ్యమూ రాదు.

*

బుధవారం కూతురు పనినుంచి పెందలాడే వచ్చింది. పెద్ద పరుపు ఒకటి నిలబెట్టి ఉంది. అలాంటిదానికి ఇద్దరు కావాలి. ఇటునించి ఒకరు దబ్బనం గుచ్చితే అటునించి రెండోవాళ్ళు లాగి ముడివేసి మళ్ళీ ఇటు పంపాలి. తల్లీ కూతుళ్ళు పరుపుకి చెరోవైపు నిలబడ్డారు. ఒకరికొకరు కనబడరు.

"అమ్మా."

"ఊఁ. లాగు."

"ఒప్పుకోలు చెబుతాను."

దబ్బనం మధ్యలో ఆగింది. "ఏమన్నావు?"

"చెబుతానన్నాను. పోయిన శుక్రవారం నించీ నీ మొహం చూడలేకపోతున్నా. అన్నం తింటూ కూడా పేర్లు గొణుక్కుంటున్నావు. నాలుగు మాటలే కదా. నేర్పు, నేర్చుకుంటా."

పరుపులమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పరుపు అడ్డున్నందుకు దేవుడికి మొక్కుకుంది. ఒప్పుకోలు మాటలు మందిరంలో ఆవిడకొచ్చినట్టు ఎవరికీ రావు. ఎంతమందికో ఆవిడే పక్కన కూర్చుని నేర్పింది. పెద్దాయన 'ఏం చేశావు' అని అడుగుతాడు, చేసింది చెప్పాలి. 'దేవుడి ఎదుట ఇది నిజమేనా' అంటాడు, నిజమే అనాలి. 'వదిలేస్తావా' అంటాడు, వదిలేశాను అనాలి. అప్పుడు జనమంతా 'నువ్వు మాదానివి' అంటారు. అంతే.

"ఏం చేశావు?" అంది పరుపులమ్మ ఇటునించి.

"దయ్యాన్ని పిలిచాను" అంది కూతురు అటునించి. "ఇలాగేనా? ఇంకాస్త తగ్గించనా గొంతు?"

"కొంచెం నెమ్మదిగా."

"దయ్యాన్ని... పిలిచాను. దానికి తల వంచాను. చీకటి నాకు బాగుందనిపించింది." మాట వణికింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మా అమ్మ దేవుడి పేరు చెప్పిన ఇంట్లోనే, ఆ కిటికీ దగ్గరే, పిలిచాను."

పరుపులమ్మ దబ్బనం వదిలేసి చుట్టూ తిరిగి అటు వెళ్ళింది. కూతురి బుగ్గల మీద నిజంగానే నీళ్ళు.

"ఏమైందే?"

"ఏం కాలేదు. బాగుందా?" అని మణికట్టుతో కళ్ళు తుడుచుకుని దారానికి ముడివేసింది ఆ పిల్ల. "చీకటి సంగతి నేను కలిపా. ఉత్తినే చెబితే పిన్ని నమ్మదు."

"బాగుంది" అంది పరుపులమ్మ. బాగానే ఉంది. ఇంతబాగా ఎవరూ చెప్పలేదు ఇన్నేళ్ళలో. నిజంగా తప్పు చేసినవాళ్ళు నత్తినత్తిగా, నేల చూస్తూ, సగం మింగేసి చెబుతారు. ఆవిడ మళ్ళీ తన వైపు వచ్చి దబ్బనం గుచ్చింది. వేలికి గుచ్చుకుంది.

*

శుక్రవారం మందిరం కిటకిటలాడింది. ఎవరు ఎవరి చెవిన వేశారో గాని, ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చి, కొత్తగా నింపిన దిండ్ల మీద మోకాళ్లు సర్దుకున్నారు. పిన్ని ముందు వరసలో, కళ్ళజోడు ఎక్కించుకునే కూర్చుంది. పరుపులమ్మ రెండో వరసలో ఉంది. కూతురు ముందుకెళ్ళి మోకరించింది. జుట్టు వెనక్కి గట్టిగా ముడిచింది, గోళ్ళకిందున్న రంగు కడుక్కుంది. చూస్తే జాలేసేలా ఉంది. అలా ఉండేలా తయారైంది.

"ఏం చేశావమ్మా?" అన్నాడు పెద్దాయన.

"దయ్యాన్ని... పిలిచాను."

హాలంతా ఒక్క ఊపిరి లోపలికి తీసింది. కూతురు కాసేపు ఆగింది. ఎంతసేపు ఆగాలో దానికి తెలుసు. ఆదివారాలు అదే చేస్తుంది. తల వంచానంది. చీకటి బాగుందనిపించిందంది. పిన్ని కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకుంది. వెనకెవరో వెక్కారు. పాలావిడ రెండు చేతులూ జోడించి, ఆ పిల్ల కోసం పెదాలు కదుపుతోంది. ఉత్తుత్తిగా కదపడం కాదు, మనవరాలి జ్వరానికి కదిపినట్టు కదుపుతోంది.

పరుపులమ్మ చూసింది అదే. ఈ బల్ల చుట్టూ ఇంతమంది ఉన్నారు, ఇది ఆటని ఒక్కరికీ తెలియదు.

"దేవుడి ఎదుట ఇది నిజమేనా?" అన్నాడు పెద్దాయన.

కూతురు తలెత్తింది.

"ఆగవే" అంది పరుపులమ్మ.

అరవలేదు. పొయ్యిమీద పాలు పొంగుతుంటే కేకేసినట్టు అంది, అంతే. కాని అప్పటికే నిలబడి ఉంది. దిండు కాలికి తట్టుకుని పక్కకి పోయింది.

"కూర్చో అమ్మా" అన్నాడు పెద్దాయన మెత్తగా.

"నిజం కాదండీ. అది దేన్నీ పిలవలేదు. నేను కూర్చుని చూశాను. తాడు కోసం పోట్లాడుకున్నారు."

"అమ్మాయి తనంతట తనే ఒప్పుకుంటోంది కదా."

"నాకోసం ఒప్పుకుంటోంది. నేనే నేర్పాను, పరుపు కుడుతూ."

పిన్ని వెనక్కి తిరిగింది. "కన్నీళ్ళు కూడా నేర్పావా?"

"అవి దానికి ముందే వచ్చు" అంది పరుపులమ్మ. ఎక్కడో ఎవరో నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు. ఆవిడకి నవ్వు రాలేదు. విసుగు ముంచుకొచ్చింది, పిన్ని మీదా, పెద్దాయన మీదా, ఆ పిల్ల మీదా, తన మీదా, అందరి మీదా కలిపి ఒక్కటే విసుగు. "దానికి నమ్మకముందో లేదో నాకు తెలీదండీ. అడిగితే తనకింకా తేలలేదంటుంది. తేలనిదాన్ని తెచ్చి దేవుడి ముందు మోకాళ్ల మీద నిలబెట్టి అబద్ధమాడించాను. ఎందుకు? నా శుక్రవారం నాకు కావాలని."

నడిచివెళ్ళి కూతురి పక్కన మోకరించింది. మోకాళ్లు కటకటమన్నాయి.

"అడగండి."

"ఏమని?"

"ఏం చేశావని. ఎప్పుడూ అడిగేదేగా."

పెద్దాయన గొంతు పెంచలేదు. ఆయన అటు పిన్ని వైపు చూశాడు, ఇటు జనం వైపు చూశాడు. అడగలేదు. "ఇవాళ్టికి ఇంతటితో చాలు" అని పుస్తకం మూసి, కోడలికి సైగ చేశాడు. కోడలు లేచి గొంతు సవరించుకుంది. తల్లీ కూతుళ్ళిద్దరూ లేచి, అందరి మోకాళ్ల మధ్యనుంచీ, ఎవరి దిండూ తొక్కకుండా చూసుకుంటూ, బయటికి నడిచారు.

*

బస్టాపులో బెంచీ మీద వాళ్ళిద్దరే ఉన్నారు. ఇంకా వెలుతురుంది. కూతురు కోపంతో ముడి ఊడదీసి జుట్టు విదిలించుకుంది.

"అంత బాగా చేస్తున్నాను కదమ్మా. ఇంకొక్క మాట! ఎందుకాపావు?"

"బాగా చేస్తున్నావు కనకనే."

"ఇప్పుడేమైంది? నీ పని పోయింది. మళ్ళీ పిలవరు నిన్ను."

"పిలవరు."

"దండం పెట్టుకోవడానికైనా రానిస్తారో లేదో."

"రానివ్వక ఏంచేస్తారే, వాళ్ళ దిండ్లు నేనేగా నింపింది" అనబోయి పరుపులమ్మ ఊరుకుంది. అది పౌరుషం మాట. గుండెలో ఉన్నది అది కాదు. వారమంతా పోగేసుకున్న పేర్లు లోపల బరువుగా ఉన్నాయి. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది.

"తాపీమేస్త్రీ" అంది. "ఆయన నడుము."

కూతురు చుట్టూ చూసింది. "అమ్మా, ఇక్కడా? రోడ్డు మీదా?"

"పాలావిడ మనవరాలు. మందుల షాపు మేడమీద ముసలాయన, ఆయన కంటిచూపు."

కూతురు 'కాపాడు' అనలేదు. చేతులు జోడించలేదు, కళ్ళు మూసుకోలేదు. తల్లి చేతిసంచీ జారిపోతుంటే తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. దూరంగా వాళ్ళ బస్సు మలుపు తిరిగి, దగ్గరికొచ్చి, వాళ్ళ ముందు నెమ్మదించింది. తల్లి కళ్ళు తెరవలేదు. కూతురు కూర్చున్నచోటినుంచే, పొమ్మని డ్రైవరుకి చెయ్యి ఊపింది.